సీతాకోకచిలుకల చిత్రములు – వాని చూపరులు

సీతాకోకచిలుకలను పట్టినవారి చరిత్రయు, వానికి పేర్లు పెట్టినవారి చరిత్రయు విపులముగా వ్రాయబడియున్నవి గాని, ఆ రెక్కల చిత్రములను లోకమునకు చూపినవారును, వానిని చూచినవారును ఒండొరులను ఎట్లు వెదకికొనిరో ప్రత్యేకముగా చెప్పిన గ్రంథములు అరుదు. నేడు అడవిబాటలోనో, పెరటి కరివేపచెట్టు కడనో తీసిన ఛాయాచిత్రమును అంతర్జాలమున నిలిపిన మరుక్షణము నుండి, దానిని ఎందరు చూచిరో తెలుపు అంకె ఒకటి దాని క్రింద పెరుగుచుండును. ఆ అంకెను మాటిమాటికి చూచుకొనుట చపలత్వమని కొందఱందురు; నాకట్లు తోచదు. తాను గీసిన రెక్కను ఎవరు చూచుచున్నారను ఆరాటము మూడువందల యేండ్లుగా ఈ విద్యను వెన్నంటి వచ్చినది. ఆ ఆరాటమే పుస్తకములను అచ్చువేయించినది, కొన్ని ప్రాణులకు పేర్లు తెచ్చినది, అప్పుడప్పుడు ఆ ప్రాణులకు చేటును తెచ్చినది.

1699లో మరియా సిబిల్లా మేరియన్ అను జర్మను చిత్రకారిణి, ఏబదిరెండేండ్ల వయస్సున, తన చిత్రములను అమ్మి కూర్చిన ధనముతో, చిన్నకుమార్తె డొరోథియాను వెంటబెట్టుకొని, ఆమ్‌స్టర్‌డాం నుండి దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడనెక్కెను. చెఱకుతోటలు తప్ప అన్యమెఱుగని ఆ డచ్చి వలసలోని దొరలు, పురుగులకొఱకు ఇంత దూరము వచ్చిన ఈ స్త్రీని పరిహసించిరి. ఆమె వారిని లక్ష్యపెట్టక, ఆదిమజాతి స్త్రీలును, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడిన స్త్రీలును చెప్పిన చెట్ల గుణములను వ్రాసికొనుచు, గొంగళిపురుగులను వాని మేతచెట్ల ఆకులతోనే పెంచి, వాని రూపాంతరములను దినదినము గీసికొని, తుదకు అస్వస్థురాలై 1701లో మరలివచ్చెను. 1705లో వెలువడిన ఆమె గ్రంథమునందలి అఱువది ఫలకములలో, గొంగళిపురుగు, గూడు, రెక్కలు విచ్చిన ప్రాణి, దానిని పోషించిన మొక్క ఒక్కచోటనే, ఒకే జీవితముగా కనబడును. అంతకు పూర్వపు పుస్తకములలో పెక్కింట పురుగులు తెల్లని కాగితముపై వరుసగా పరచిన కళేబరములు మాత్రమే.

ఆ గ్రంథము అచ్చుకాకమునుపే దాని చూపరులను ఆమె స్వయముగా వెదకవలసివచ్చెను. ముందుగా చందా కట్టినవారి ధనముతో గాని రాగిఫలకములు చెక్కించుట సాధ్యముకాదు. అందువలన న్యూరెంబర్గులోని వైద్యుడు ఫోల్కామరునకు లేఖలు వ్రాసి, జర్మనీలో కొనువారెవరైన దొరకుదురేమోయని అడిగెను, లండనులోని మందులవర్తకుడు పెటివర్ ద్వారా ఇంగ్లండులో యత్నించెను. రంగులు వేయని ప్రతులు కొందరికి, చేతితో రంగులు దిద్దిన ప్రతులు అధికమూల్యము ఇచ్చువారికి చేరెను. ఆ కాలపు చిత్రకారిణి తన చూపరిని ఇంటిపేరుతో సహా ఎఱిగియుండెను. కాని ఆ చూపరి ధనవంతుడు మాత్రమే కాగలడు. ఆమె గతించిన సంవత్సరమైన 1717లో ఆమె మూలచిత్రములను పెక్కింటిని రష్యా చక్రవర్తి పీటరు కొఱకు అతని వైద్యుడు కొనిపోయెను. అటుపిమ్మట, 1758లో, సురినామును ఎన్నడును చూడని స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయసు తన మహాగ్రంథమున కొన్ని జాతులకు పేరిడునప్పుడు మేరియన్ ఫలకములను ప్రమాణముగా పేర్కొనెను. మేరియన్ అతనిని ఎఱుగదు. ఆమె మరణించునాటికి అతడు తొమ్మిదేండ్ల బాలుడు. ఆమె చిత్రమునకు అత్యంత ప్రయోజనకారియైన చూపరి ఆమె చందాదారుల పట్టికలో లేడు.

ఆమ్‌స్టర్‌డాం వర్తకుడైన పీటర్ క్రామర్ చేసినది మఱియొక మార్గము. తన పెట్టెలలోని సీతాకోకచిలుకలు కాలక్రమమున పొడియై పోవునని యెంచి, వార్టెనార్ అను చిత్రకారునిచే వానిని గీయించి, 1775 నుండి భాగములు భాగములుగా ప్రకటించెను. మరుసటి యేడే క్రామర్ గతింపగా స్టోల్ అను పండితుడు ఆ కార్యమును 1782లో ముగించెను. నాలుగువందల ఫలకములు గల ఆ గ్రంథమునందు రెక్క పైతట్టును, క్రిందితట్టును రెండును చూపుట నాకు మిక్కిలి నచ్చిన విశేషము. క్రిందితట్టు కనబడనిదే అనేక జాతులను గుర్తింపలేమన్న సంగతి నేటి ఛాయాచిత్రకారులు కూడ ఆలస్యముగా నేర్చుకొన్నది. మన తూర్పుకనుమలలో నీలిరంగు పట్టీతో బరువుగా ఎగురు పెద్ద చిలుకకు – నేడు బ్లూ మార్మన్ అని పిలువబడుదానికి – శాస్త్రనామమిచ్చినది 1775 నాటి ఈ గ్రంథమే.

మన తీరమునకు ఈ చరిత్ర సోకిన తావు కాకినాడ. లిన్నేయసు శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కేనిగ్ 1768లో డేన్ల తరంగంబాడికి వైద్యుడై వచ్చి, ఆర్కాటు నవాబు కొలువున కొంతకాలముండి, పిమ్మట 1778 నుండి ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడై, కోరమాండల్ తీరపు మొక్కలను, పురుగులను ఐరోపాకు పంపుచుండెను. లిన్నేయసు శిష్యుడేయైన ఫాబ్రిసియసు ఆ పురుగులలో అనేకమునకు నామకరణము చేసెను. కేనిగ్ 1785లో కాకినాడలోని జగన్నాథపురమున కన్నుమూసెను. అతని అవసానకాలమున కనిపెట్టుకొనియున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో, సామర్లకోటలో ఉద్యోగము చేయుచు, దేశీయ చిత్రకారులను నియమించి మొక్కల చిత్రములను గీయించుచుండెను. లండనులో 1795 మొదలు మూడు సంపుటములుగా అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమునకు మూడువందల ఫలకములను సమకూర్చినవి ఇట్టి చిత్రములే. రాక్స్‌బరో గీయించిన రెండువేల ఐదువందలకు పైబడిన చిత్రములు నేటికిని కలకత్తాలోను, క్యూ ఉద్యానములోను భద్రముగా నున్నవి. గీసినవారి పేర్లు మాత్రము నిలువలేదు. తమ పనిని ఎవరు చూచిరో వారికి తెలియదు, వారెవరో చూచినవారికి తెలియదు. సామర్లకోట పేరు విన్నప్పుడెల్ల ఈ అన్యాయము నా మనస్సున మెదలును. శతాబ్దము గడచినపిమ్మట, 1880–87 నడుమ వెలువడిన మూర్ పండితుని సింహళ చిలుకల గ్రంథము, తనకు చిత్రములు గీసిన విలియం డి అల్విస్, జార్జి డి అల్విస్ అను సింహళ సోదరుల పేర్లను చెప్పినది. చెప్పవచ్చునని దానివలన తేలినది.

ఇక ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించిన పురుషుడు విలియం జోన్స్. మన సంస్కృతపండితుడైన సర్ విలియం జోన్స్ కాడితడు. లండను చెల్సీలో నివసించిన మద్యవర్తకుడు. వ్యాపారము విడిచిన పిమ్మట, ఇతరుల సేకరణలలోని సీతాకోకచిలుకలను చూచి, ఆఱు సంపుటముల నిండ పదునైదువందలకు పైగా చిత్రములను స్వహస్తమున గీసెను. వానిలో వందలకొలది జాతులు కలవు. ఇంత శ్రమపడినవాడు వానిని అచ్చువేయింపలేదు, అమ్మలేదు, చందాదారులను పిలువలేదు. లండనుకు వచ్చిపోవుచుండిన ఫాబ్రిసియసు ఆ సంపుటములను తెఱచి చూచి, తాను అంతవఱకు ఎన్నడును ఎఱుగని చిలుకలు వానిలో గుంపులుగా నుండుట గమనించి, 1793 నాటి తన గ్రంథమున రెండువందలకు పైబడిన జాతులను ఆ చిత్రములను ఆధారముగా గొని వర్ణించెను. కొన్నింటి మూలదేహములు నేడు లేవు. ఆ పేరు ఏ ప్రాణికి చెందునో తేల్చుటకు జోన్స్ కుంచె గీసిన రెక్కయే సాక్ష్యము. ఆక్స్‌ఫర్డు మ్యూజియములో దాచబడియున్న ఈ చిత్రములు 2021లో గాని సంపూర్ణముగా పుస్తకరూపమున సామాన్యులకు అందలేదు. రెండు శతాబ్దములు ఆ చిత్రములను చూచినవారు మిక్కిలి కొద్దిమంది. అయినను వారిలో ఒక్కడు ఫాబ్రిసియసు.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి మన దేశపు చిలుకలను గూర్చిన గ్రంథములు విరివిగా వచ్చెను. మార్షల్, డి నీస్‌విల్ రచించిన మూడు సంపుటములు 1882–90 నడుమను, ఎవాన్స్ గుర్తింపు గ్రంథము 1927లోను, వింటర్ బ్లైత్ గ్రంథము 1957లోను వెలువడెను. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము తన పత్రికలో కార్వారు అరణ్యాధికారి టి. ఆర్. బెల్ వ్రాసిన వ్యాసములను ఏండ్లతరబడి అచ్చువేసెను. వీని చిత్రములన్నియు దాదాపు ఒక్కరీతివే: సూదిగ్రుచ్చి, రెక్కలు సమముగా చాపిన దేహములు. తోటలో కూర్చున్న చిలుకను చూచి ఈ ఫలకములతో పోల్చబోయిన పాఠకునికి అది దొరకదు. ఏలయన బ్రతికియున్న చిలుక పెక్కుమాఱులు రెక్కలు మూసికొని, క్రిందితట్టును మాత్రమే చూపును. పుస్తకము చూపరి వేఱు, తోటలోని చూపరి వేఱుగా ఇట్లు చిరకాలము ఉండిపోయిరి.

ఛాయాగ్రహణయంత్రము వారిని తక్షణమే కలుపలేదు. మందగతి గల తొలినాటి ఫలకములకు నిమిషమైన నిలువని ప్రాణి చిక్కదు. 1935లో కోడాక్రోమ్ ఫిల్ము వచ్చినపిమ్మట రంగులు సులభసాధ్యములయ్యెను గాని, ముప్పదియాఱు చిత్రముల చుట్టను పూర్తిచేసి, ప్రయోగశాలకు పంపి, వారములు వేచి, తిరిగివచ్చిన స్లయిడులలో రెండుమూడు చక్కగా వచ్చినచో తీసినవాడు ధన్యుడనుకొనెడివాడు. చీకటిగదిలో తెరపై వేసి, ఏ ప్రకృతి సంఘపు సాయంకాలసభలోనో ఇరువదిముప్పదిమందికి చూపుటయే వానికి కలిగిన ప్రదర్శన. అయినను ఆ సభలకొక గుణముండెను: చూచువాని ముఖము కనబడెడిది, అతడడిగిన ప్రశ్న వినబడెడిది. ఈలోగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అనేక చిలుకలను తన పట్టికలలో చేర్చి, అనుమతిలేక వానిని పట్టుట నేరమని నిర్ణయించెను. మన పొలాలలో తరచుగా కనబడు క్రిమ్సన్ రోజ్ సైతము మొదటి పట్టికకు ఎక్కెను. వల చేతినుండి జారిపోవుటకు, కెమెరా చేతికి వచ్చుటకు మన దేశమున ఈ చట్టము చేసినంత ఏ ఉపన్యాసమును చేయలేదని నా విశ్వాసము.

1999లో నికాన్ వారి కూల్‌పిక్స్ 950 వచ్చెను. రెండు సెంటిమీటర్ల దూరమునుండి స్పష్టముగా చూడగల ఆ చిన్నయంత్రము, ఖరీదైన కటకములు కొనలేనివారికి చిలుక కన్నులలోని గదులను సైతము చూపెను. ఫిల్ము ఖర్చు లేదు, వారములు వేచియుండుట లేదు. మరుసటి యేడే హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ కృష్ణమేఘ్ కుంటే రచించిన దక్షిణ భారతపు చిలుకల గ్రంథమును వెలువరించుటచేత, చేత చిత్రమున్నవానికి పేరు వెదకుటకు చవకయైన ఆధారమును దొరకెను. 2004లో ఫ్లికర్ మొదలగు అంతర్జాల స్థానములు పుట్టి, ఎవరైనను తమ చిత్రమును లోకమునకు చూపవచ్చునను వీలు కల్పించి, ఒక్కొక్క చిత్రము క్రింద చూచినవారి సంఖ్యను వేయసాగెను. మెచ్చుకొన్నవాని పేరు తెలియును. ఊరక చూచిపోయినవాడు అంకెలో ఒకటిగా మాత్రము మిగులును. ఏ పదము వెదకుచు వచ్చిరో కొన్నిచోట్ల తెలియును. అది చూచి, వచ్చినవాడు పాఠమునకు బొమ్మ వెదకు బాలుడా, అంచునకు నమూనా వెదకు చీరల చిత్రకారుడా అని ఊహించుకొనువారు కలరు. అంకె ఏ చిత్రమునకు పెరుగునో గమనించినచో ఒక సంగతి తెలియును: నీలవర్ణము మెఱయు పెద్దరెక్కలకు చూపరులు వేలు, గడ్డిలో తిరుగు బూడిదరంగు చిన్నచిలుక క్రిందితట్టునకు చూపరులు పదులు. శాస్త్రమునకు కావలసినది పెక్కుమాఱులు ఆ రెండవదే.

2011లో మలేషియాలోని సెలాంగోర్ అరణ్యోద్యానమున గ్వెక్ హాక్ పింగ్ అను ఛాయాచిత్రకారుడు, పచ్చని దేహము, వలవంటి పలుచని రెక్కలు, ఆ రెక్కల మొదట నల్లని నీలపు గుర్తులు గల చిన్నపురుగును తీసి, దానిని విడిచిపెట్టి, చిత్రమును ఫ్లికర్‌లో ఉంచెను. అది సీతాకోకచిలుక కాదు. కాని ఈ చరిత్రకు దానికంటె తగిన ఉదాహరణము లేదు. కాలిఫోర్నియాలోని కీటకశాస్త్రజ్ఞుడు షాన్ వింటర్టన్ ఏదో చూచుచు యాదృచ్ఛికముగా ఆ చిత్రమును చూచి, అట్టి గుర్తులు గల జాతి తనకు తెలియదని గ్రహించి, సహచరులకు చూపి, వారును ఎఱుగమనగా, గ్వెక్‌కు వ్రాసి ఆ పురుగు ఉన్నదా యని అడిగెను. లేదు. ఏడాదికి పిమ్మట గ్వెక్ అదే స్థలమునకు పోయి, అట్టిదానినే మరల కనుగొని, పట్టి, లండను ప్రకృతి చరిత్ర మ్యూజియములోని స్టీఫెన్ బ్రూక్స్‌కు పంపెను. బ్రూక్స్ పరిశీలించి, అది నూతనజాతియేయని నిర్ణయించుటయే గాక, మ్యూజియము పెట్టెలలో దశాబ్దములుగా పేరులేక పడియున్న అట్టి పురుగును ఇంకొకదానిని కనుగొనెను. మూడు ఖండములలోని ఈ మువ్వురు కలిసి వ్రాసిన వ్యాసము 2012లో ప్రకటితమై, దానికి సెమాక్రైసా జేడ్ అను నామము స్థిరపడెను. జేడ్ అనునది వింటర్టన్ కుమార్తె పేరు. దేహము మాట యెట్లున్నను, చూపరి తెలిసినవాడైనచో ఏమి జరుగునో చెప్పుటకు చెల్సీ మద్యవర్తకుని సంపుటములును, ఈ ఫ్లికర్ చిత్రమును ఒకే సాక్ష్యము పలుకుచున్నవి. గ్వెక్ చిత్రము క్రింది అంకెలో వింటర్టన్ కూడ ఒక్కటే. ఆయన లేఖ వ్రాయకున్నచో తక్కినవారినుండి ఆయనను వేఱుపఱచు గుర్తేదియు ఉండెడిది కాదు.

ఆ అంకెలోనే మఱియొకడు కూడ దాగియుండవచ్చును. అరుదైన చిలుకల దేహములకు విదేశములలో కొనుగోలుదారులున్నారు. హిమాలయములలోని కైజర్-ఇ-హింద్, భూటాను గ్లోరీ వంటివానిని దొంగతనముగా పట్టువారు చిరకాలముగా కలరు. 2008లో డార్జిలింగు సమీపమునందలి సింగలీలా జాతీయోద్యానమున అనుమతిలేక పురుగులను సేకరించిన ఇద్దరు చెక్ దేశస్థులు పట్టుబడి, ఆ యేడే న్యాయస్థానమున దోషులుగా తేలిరి. కెమెరాలలోను, చరవాణులలోను ఉపగ్రహముల సాయముతో స్థలమును నమోదుచేయు పరికరము చేరిన పిమ్మట, చిత్రముతోబాటు అది తీసిన బండగుట్ట అక్షాంశరేఖాంశములు కూడ తీసినవానికి తెలియకయే లోకమునకు పోవుచున్నవి. 2008లో ఆరంభమైన ఐనాచురలిస్ట్ వంటి స్థానములు అపాయములోనున్న జాతుల ఖచ్చితస్థలమును మఱుగుపఱచి, విశాలమైన గడిలో ఎక్కడనో ఉన్నట్లు మాత్రము చూపుట అందుచేతనే. 1930వ దశకము తరువాత కనబడని లడ్లో భూటాను చిలుక 2009లో భూటాను తూర్పుభాగమున మరల కనబడినప్పుడు శాస్త్రజ్ఞులకు కలిగిన ఆనందముతోబాటు దాని లోయను గూర్చిన భయమును కలిగియుండుట సహజమే. చూచువారిని గమనించుట ఇట్టిచోట ఆత్మతృప్తికి సంబంధించిన వ్యవహారము కాదు. ఆ ప్రాణి ఎడల బాధ్యత. స్థలము పేరును ఎవరైనను అతిగా అడిగినప్పుడు చెప్పక ఊరకుండుట నేర్చినవారే ఈ పనికి తగినవారు.

సామాన్యములైన చిలుకల విషయమున ఈ గోప్యత అక్కఱలేదు. అచ్చట చూపరికి దాచకూడనివి నాలుగు: తేది, ఊరు, క్రిందితట్టు, గ్రుడ్డు పెట్టిన మొక్క. నల్లమలలోనో, అనంతగిరిలోనో, అరకులోయలోనో తీసిన చిత్రమునకు ‘అందమైన చిలుక’ అని మాత్రము వ్రాసినచో దానివలన ఎవ్వరికిని కలుగు లాభము స్వల్పము; జిల్లేడుపై ప్లెయిన్ టైగర్, ఈశ్వరితీగెపై క్రిమ్సన్ రోజ్, ఫలానా నెలలో ఫలానా ఊర గ్రుడ్లు పెట్టుచుండెనని వ్రాసినచో, ఎన్నేండ్లకైనను ఆ ఊరి వర్షములను, పంటలను పరిశీలించువానికి అది ఆధారమగును.

ఇట్టి వివరములు గల చిత్రములలో మన తెలుగునాట తఱచుగా పొరపాటు పడునది ఒకటి కలదు. నల్లరెక్కలపై ఎఱ్ఱని మచ్చలతో కరివేపచెట్టు చుట్టు తిరుగు చిలుకను తీసి, క్రిమ్సన్ రోజ్ అని పేరువ్రాసి పెట్టుదురు. చూపరులలో తెలిసినవాడొకడు వచ్చి, దేహమును చూడుడు, క్రిమ్సన్ రోజ్ దేహము ఎఱ్ఱన, దీనిది నలుపు. క్రిమ్సన్ రోజ్ గొంగళికి ఈశ్వరి ఆహారము, కరివేప కాదు. ఇది కామన్ మార్మన్ ఆడుది, విషము గల క్రిమ్సన్ రోజ్ వేషముతో పక్షులనుండి తప్పించుకొనుచున్నది అని వివరించును. పొరపడినవారు సిగ్గుపడనక్కఱలేదు. ఈ జాతి మగదానికి పమ్మోన్ అనియు, ఆడుదానికి పోలైటీస్ అనియు 1758లో రెండు వేఱు జాతులవలె పేర్లిడినవాడు లిన్నేయసు. క్రిమ్సన్ రోజ్ వేషము గల ఆడుదానికి రోములస్ అని 1775లో మూడవ పేరిడినవాడు క్రామర్. ఈ ఆడుచిలుకల బహురూపత్వమును ప్రకృతిశాస్త్రజ్ఞుడు వాలెస్ తన 1865 నాటి ప్రసిద్ధవ్యాసమున విస్తరించి చర్చించునప్పటికి నూఱేండ్లు దాటినవి. అంతకాలము పట్టిన దిద్దుబాటు నేడు ఒక్క పూటలో జరుగుచున్నది. జరిగిన వెంటనే చిత్రము క్రింది పేరు మారి, ఏ ఊరి కరివేపచెట్టుపై, ఏ నెలలో, ఏ రూపము గల మార్మన్ గ్రుడ్లు పెట్టెనో తెలుపు నమోదు అగుచున్నది.